పదమూడు పూతలు

రేవు, సముద్రం వీధి
జూన్ 3

అత్తా,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను, ముందు ప్రశ్న. సముద్రం పక్కనున్న ఇంటికి ఎన్నేళ్లకోసారి రంగు వేయించాలి?

నవ్వకు. ఇల్లు కొని మూడు నెలలైంది. అమ్మిన నర్సమ్మగారు, ఆస్పత్రిలో నర్సుగా చేసినావిడ, "నిరుడే రంగులు వేయించానమ్మా, ఐదేళ్లదాకా నువ్వు అటు చూడక్కర్లేదు" అన్నారు. అబద్ధమాడే మనిషిలా కనిపించలేదు. కానీ సముద్రం వైపు గోడ అప్పుడే పొట్టు రాలుస్తోంది. నిన్న మా చిన్నది ఆ గోడకి ఆనుకుని నిలబడి, అలాగే బడికి వెళ్లింది. వీపంతా పసుపు పొడి.

అడిగితే పోయేదేముందని వీధంతా వాకబు చేశాను. ఎదురుగా వలలు బాగుచేసే ఆయన "రెండేళ్లు" అన్నాడు. మా బడి హెడ్మిస్ట్రెస్ "ఆరేళ్లు, మంచి రంగు వాడితే" అంది. డాక్టరుగారి భార్య ఏటేటా వేయిస్తుందట. వీధి చివర రేకుల పని చేసే అతనైతే "రంగెందుకండీ, సముద్రానికి మేత వెయ్యడానికా?" అని నా మొహం మీదే నవ్వేశాడు. మా మామగారి సంగతి నీకు తెలుసు కదా, ముప్పై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి, ఎవరి మాటా నమ్మరు. ఖాళీ రంగు డబ్బా వెతికి తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని చదివారు. "ఏడేళ్లని అచ్చేశారమ్మాయ్. అచ్చులో ఉన్నది అబద్ధమవుతుందా?" అన్నారు.

పిల్లలకి సైన్సు చెప్పుకునేదాన్ని. ఒక ప్రశ్నకి ఐదు జవాబులొస్తే నాకు తిండి సయించదు. నువ్వు ఈ ఊళ్లోనే ఇరవై ఏళ్లు గోడలకు రంగులేశావు. మామయ్య పోయాక కూడా ఆరుగురు పనివాళ్లను పెట్టుకుని నిచ్చెన దిగలేదని నాన్న చెబుతుంటాడు. నీకంటే తెలిసినవాళ్లెవరు?

ఈయన ఇసుక తవ్వే ఓడ మీద ఉన్నారు. రెండు నెలలకోసారి నాలుగు రోజులు ఇంటికొస్తారు. ఫోను ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఇంట్లో అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది తూర్పు గది. కప్పు పాలనురుగులా ఉంటుంది. దాన్ని చిన్నదానికిచ్చాం.

ఇల్లు చూడ్డానికి రమ్మంటే మోకాళ్లన్నావు. ఆ మోకాళ్లతోనే అక్కడ షాపుల బోర్డులు రాయడానికి నిచ్చెన ఎక్కుతున్నావట. ఇదేం లెక్క?

నీ మేనకోడలు


మెరక ఊరు, స్టేషనరీ షాపు పైగది
జూన్ 12

నా ప్రశ్నల పుట్టకి,

నీకు ఐదేళ్లప్పుడు "ఆకాశానికి ఎన్ని డబ్బాల రంగు పడుతుంది?" అని అడిగావు. ఆ రోజు తప్పించుకున్నాను. ఈ రోజు వీల్లేదు.

నువ్వు అడిగినవాళ్లలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి గోడ గురించి వాళ్లు చెప్పారు. ఇంటికి ఒక వయసు ఉండదే పిల్లా. ఉప్పుగాలి నేరుగా కొట్టే గోడ రెండేళ్లకి ముసలిదవుతుంది, గట్టిగా ఉంటే మూడు. దాని వెనక గోడ ఐదేళ్లయినా కులాసాగా ఉంటుంది. లోపలి గోడలు ఆరేడేళ్లకి కూడా అడగవు, స్నానాల గది పక్కది తప్ప. కిటికీ ఊచలకి మాత్రం ఏటా వానల ముందు ఒక చెయ్యి పడాలి, ఇనుముకి ఆగే గుణం లేదు. ఇంటి మొత్తానికి ఒకే అంకె చెప్పేవాడు రంగు అమ్మేవాడై ఉండాలి.

అంకె వదిలేసి గోడనే అడుగు. నల్లగుడ్డ తీసుకుని గోడ మీద అరచెయ్యి పొడుగున రుద్దు. గుడ్డకి పిండి అంటితే రంగు చచ్చిపోతోందన్నమాట. చెంబుతో నీళ్లు కొట్టు. నీళ్లు జారిపోతే భయం లేదు, గోడ తాగేసి నల్లబడితే టైమొచ్చినట్టు. తర్వాత వేలు గోడకి రాసి నాలుక మీద పెట్టుకో. ఉప్పగా ఉందంటే రంగు కంటే ముందు మంచినీళ్లతో కడగాలి. ఏడాదికి రెండుసార్లు కడిగితే రంగుకి ఇంకో ఏడాది ఆయుష్షు. ఈ మాట ఎవరూ చెప్పరు, నీళ్లు అమ్మితే ఎవరికి లాభం?

ఇప్పుడు వానల్లో మాత్రం బ్రష్ ముట్టుకోనివ్వకు. వానలు వెళ్లాక కూడా తొందరపడొద్దు. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా గోడకి అంటించి రోజంతా ఉంచు. లోపలివైపు చెమట పట్టిందా, గోడ ఇంకా తడిగా ఉంది, ఆగు.

నీలాంటిదానికి ఒక సరదా పని కూడా చెబుతాను. తలుపు వెనక, ఎవరికీ కనపడని చోట, బ్లేడుతో ఏటవాలుగా కొంచెం గీకు. రూపాయి బిళ్లంత చాలు. తర్వాత తడిగుడ్డతో తుడువు. ఒకదాని కింద ఒకటి రంగులు వలయాల్లా కనిపిస్తాయి. ఆ ఇంటి చరిత్ర అక్కడుంటుంది. చదివి నాకు రాయి.

మోకాళ్ల సంగతి: బోర్డుకి నాలుగు మెట్లు చాలు, రైలుకి నూటయాభై మెట్ల వంతెన ఎక్కాలి. లెక్క సరిపోయిందా?

మీ మామగారికి నా నమస్కారాలు. డబ్బా మీద అచ్చేసినవాడు ఏ ఊళ్లో ఉంటాడో కనుక్కోమను.

అత్త


రేవు
జూలై 1

అత్తా,

గోడ నాకాను! సరిగ్గా అప్పుడే మామగారు వరండాలోకి వచ్చారు. కాసేపు నిలబడి చూసి, "మీ పుట్టింటి ఆడవాళ్లందరూ ఇంతేనా అమ్మాయ్?" అని అడిగారు. ఉప్పగా ఉందండీ అన్నాను. మర్నాడు పొద్దున ఆయన కూడా ఎవరూ లేకుండా చూసి వేలు రాసి నాలుక్కి పెట్టుకోవడం చిన్నది కనిపెట్టి ఊరంతా చాటింది.

నల్లగుడ్డ పరీక్షలో సముద్రం గోడ ఫెయిలు, దక్షిణం గోడ అత్తెసరు మార్కులతో పాసు, వెనక గోడ ఫస్టు క్లాసు. ఇక బ్లేడు పని. అత్తా, నాకు ఇంత మంచి ఆట ఎవరూ నేర్పలేదు. సముద్రం గోడకున్న వీధి తలుపు వెనక ఆరు పూతలు. పైన పసుపు, కింద లేత ఆకుపచ్చ, దాని కింద మళ్లీ పసుపు, తర్వాత ఇటుక రంగు, ఒక నీలం, అడుగున సున్నం. పెరటి వైపు మూడే. నువ్వు చెప్పినట్టే, ఒక గోడ ముసలిదయ్యేసరికి ఇంకోటి పడుచుగా ఉంది.

నీ సరదాకి ఒక చిక్కుప్రశ్న. ఊరుకోలేక తూర్పు గదిలో బల్ల మీద కుర్చీ వేసుకుని కప్పు మూల కూడా గీకాను. ఎన్ని పూతలో చెప్పుకో. పదమూడు! అన్నీ తెలుపే. మధ్యమధ్య పగుళ్లు పూడ్చే లప్పం పొరలు కూడా ఉన్నాయి. నాలుగుసార్లు లెక్కపెట్టాను, భూతద్దం బడి నుంచి తెచ్చి మరీ.

అది లోపలి కప్పు. దానికి ఎండ లేదు, వాన లేదు, ఉప్పుగాలి లేదు. సముద్రం దెబ్బ తినే గోడకి ఆరు పూతలు పడితే, నీడపట్టున కూర్చున్న కప్పుకి పదమూడెందుకు పడ్డాయి? నర్సమ్మగారు ఈ ఇంట్లో పదహారేళ్లున్నారు. అంటే ఇంచుమించు ఏటా వేయించారు. ఆ గదిలో దీపాల పొగ ఉండేదా? రోగులెవరైనా ఉండేవారా? తెలుపంటే పిచ్చా? మిగతా కప్పులకి నాలుగేసి పూతలే. నాకు నిద్ర పట్టడం లేదు, నీదే పాపం.

ఇంకో మాట. నువ్వు ఈ ఊరు ఎందుకు వదిలేశావు? నాన్ననడిగితే "రంగుల దుమ్ము పడలేదు మీ అత్తకి" అన్నాడు. బోర్డుల రంగుకి దుమ్ముండదా?

నీ మేనకోడలు


మెరక ఊరు
జూలై 8

అమ్మాయ్,

ఉత్తరం అందగానే రాస్తున్నాను. త్వరగా వెళ్లే తపాలాలో వేస్తాను.

చిన్నదాని మంచం ఆ గదిలోంచి తీసెయ్యి. ఈ ఉత్తరం చదివి పక్కన పెట్టి, తీసేశాక మిగతాది చదువు.

ఇప్పుడు పొడుగాటి కర్ర తీసుకో. గుమ్మంలోనే నిలబడి, అక్కణ్నుంచి అందినంత మేర కప్పు మీద మెల్లగా తట్టు. గట్టి చోట టక్కుమంటుంది. డొల్ల చోట డప్పులా మోగుతుంది. డొల్ల ఎక్కడెక్కడుందో కాగితం మీద గీసి పంపు. కప్పు మీద ఎక్కడైనా గోధుమరంగు గీతలు, చాలా సన్నగానైనా సరే, తిన్నగా, జానెడు జానెడు దూరంలో వరసగా కనిపిస్తున్నాయా? పగటి వెలుతుర్లో ఏటవాలుగా చూడు. డాబా మీద, ఆ గదికి సరిగ్గా పైన, నీళ్లు నిలుస్తాయా?

గదికి తాళం వెయ్యి. మేస్త్రీని పిలువు. రంగువాణ్ని పిలవకు.

అత్త


రేవు
జూలై 17

అత్తా,

నీ ఉత్తరం అందింది. అంత పొట్టి ఉత్తరం నువ్వు నాకెప్పుడూ రాయలేదు. ఒక్క హాస్యం లేదు, ఒక్క తిట్టు లేదు. ఎవరో పరాయి మనిషి రాసినట్టుంది.

చిన్నదాన్ని హాల్లోకి మార్చాను. దానికి పండగలా ఉంది, వచ్చేపోయేవాళ్లందరినీ మంచం మీంచే పలకరిస్తోంది. కర్రతో తట్టాను. కిటికీ దగ్గర అంతా టక్కు టక్కు. గది మధ్యకి వచ్చేసరికి మోత మారింది. బొమ్మ గీసి పెట్టాను, రెండు చాపలంత మేర డొల్ల. గీతల కోసం చాలాసేపు చూశాను. ఉన్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి. డాబా మీద నీళ్లు పోయే గొట్టం అక్కడే ఉంది, ఆకులు అడ్డుపడి అరచెయ్యి లోతు నీళ్లు నిలిచాయి. ఆకులు తీసేశాను.

మేస్త్రీ వానలు తగ్గాక వస్తానన్నాడు. మామగారు మాత్రం కొట్టిపారేస్తున్నారు. "ఆరువందల మైళ్ల దూరాన కూర్చున్న మనిషికి మన కప్పు కనిపించిందా? ఇంత తెల్లటి కప్పు ఈ వీధిలో ఎవరికుంది?" అంటున్నారు. ఆయన మాటకేం గానీ, నాకూ ఒక అనుమానం. శబ్దం తేడాగా ఉన్నంత మాత్రాన తాళం వేసుకోవాలా? నువ్వు నా దగ్గరేదో దాస్తున్నావు. పదమూడు పూతలన్న మాట చదవగానే నీకేం గుర్తొచ్చింది?

నర్సమ్మగారు రెండు వీధుల అవతలే ఉంటున్నారు. వచ్చే ఆదివారం వెళ్లి అడుగుతాను.

నీ మేనకోడలు


మెరక ఊరు
జూలై 25

అమ్మాయ్,

ఇది మీ నాన్నకి కూడా తెలియదు. చదివాక ఏం చేస్తావో నీ ఇష్టం.

ఇరవై రెండేళ్ల కిందట, మీ వీధికి నాలుగు బస్టాపుల అవతల, చేపల గిడ్డంగి వెనక ఒక చిన్న ఇంటికి రంగు వేయడానికి వెళ్లాను. రెండు గదులు. వీధి గది కప్పు మీద తుప్పు గీతలు తేలి ఉన్నాయి. ఒక చోట పెచ్చు ఊడి లోపల చువ్వ కనిపిస్తోంది. చువ్వ తుప్పుపట్టి, వేసిననాటి కంటే లావుగా ఉబ్బింది. ఉప్పుగాలి ఊళ్లలో కప్పుకి వచ్చే జబ్బు అదే. పైనుంచి నీళ్లు దిగి చువ్వకి తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి సిమెంటుని కిందికి తోస్తుంది. రంగు దాన్ని ఆపదు, కనపడకుండా చేస్తుంది, అంతే.

ఇంటాయనతో చెప్పాను. "ఇది రంగుతో పోయేది కాదండీ. మేస్త్రీ చేత గీకించి, చువ్వలు శుభ్రం చేయించి, మళ్లీ సిమెంటు పూత వేయించాలి" అన్నాను.

"నిన్ను పిలిచింది రంగుకి. సోమవారం అద్దెకి దిగుతున్నారు. గీతలు కనిపించకూడదు" అన్నాడు.

వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. మీ మామయ్య పోయి ఏడాది కాలేదు, ఆడదాని కింద పనిచేయడానికి ఆరుగురు మగాళ్లని ఒప్పించి నిలబెట్టుకున్న రోజులు. పని వదిలేస్తే "ఆవిడకి చేతకాలేదు" అంటారని నా భయం. లప్పం కలిపాను. నా చేత్తోనే పూశాను. రెండు పూతలు తెలుపు వేశాను. అంత నున్నటి కప్పు నేను మళ్లీ చెయ్యలేదు.

సోమవారం బ్రష్షులు కడుక్కుంటుంటే అద్దెకొచ్చినావిడ వచ్చింది. కుట్టుపని చేసుకుంటుంది. నా ఈడుదే. తలెత్తి చూసి "అబ్బ, ఎంత తెల్లగా ఉందో! సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు బాగుంటుంది" అంటూ కుట్టు మిషను తెచ్చి సరిగ్గా ఆ గీతలున్న చోటి కిందే పెట్టుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. "కొంచెం పక్కకి జరుపుకోండి" అంటే సరిపోయేది. మూడు మాటలు. బాల్చీ పట్టుకుని వచ్చేశాను.

ఎనిమిది నెలలకి కప్పు పెచ్చు ఊడి మిషను మీద పడింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి నలిగి మూడు వేళ్లు పోయాయి. రంగుల షాపులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఆస్పత్రి గేటు దాకా వెళ్లాను. లోపలికి వెళ్లలేక తిరిగొచ్చాను. ఇంటాయన్ని అందరూ తిట్టారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. రంగువేసినావిడని ఎవరు అడుగుతారు? చేతిలో ఉన్న పనులు ముగించి రైలెక్కేశాను. అప్పట్నుంచీ ఇంటి గోడ ముట్టుకోలేదు.

లోపలి కప్పుకి పదమూడు పూతలంటే, పదమూడుసార్లు ఎవరో నాలాంటివాళ్లు నిచ్చెనెక్కి, చూసి, పూసి, దిగిపోయారని అర్థం.

గదికి తాళం వేశావో లేదో రాయి.

అత్త


రేవు
ఆగస్టు 6

అత్తా,

అందరం క్షేమం. ఆ మాట ముందు రాసి తర్వాతే మిగతాది.

కప్పు పడిపోయింది. మొన్న శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి. నేను బడిలో ఉన్నాను. మామగారు వరండాలో పేపరు చదువుతున్నారు. లారీ బోల్తా పడ్డట్టు చప్పుడైందట. నేను వచ్చేసరికి గదంతా సిమెంటు దుమ్ము. నేల మీద పెచ్చులు, ఒక్కొక్కటి చిన్నదాని బడిసంచీ అంత. పైన ఎర్రటి చువ్వలు బయటపడి వేలాడుతున్నాయి. పెచ్చుల కింది వైపు తిరగేస్తే ఇంకా అంతే తెల్లగా, నున్నగా ఉంది.

అత్తా, నేను నీకు ఒక సంగతి రాయలేదు. చిన్నదాని మంచం తీసేసిన మర్నాడే మామగారు తన మడత మంచం ఆ గదిలో వేసుకున్నారు. "మీ అత్త మాట అబద్ధమని పడుకుని చూపిస్తాను" అన్నారు. రోజూ భోజనం అయ్యాక రెండు నుంచి నాలుగు వరకు అక్కడే నిద్ర. నేను రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. పెద్దాయనతో గొడవెందుకులే అనుకున్నాను. నీకు రాస్తే తిడతావని రాయలేదు. తాళం వెయ్యాలా అని నిన్నే ఎదురడిగాను కూడా.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నీ అనుమతి లేకుండా ఒక పని చేశాను. ఆయన్ని కూర్చోబెట్టి ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించాను. బాల్చీ పట్టుకుని వచ్చేశాను అన్నచోట ఆగి, ఆ వాక్యం రెండోసారి చదివాను. ఆయన లేచి వెళ్లి మంచం తనే మడిచి, తనే మోసుకొచ్చి వరండాలో వేసుకున్నారు. తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెట్టారు. మూడు రోజుల తర్వాత పడింది.

నువ్వు "జాగ్రత్త" అని పది ఉత్తరాలు రాసినా ఆయన కదిలేవారు కాదు. ఆ ఒక్క ఉత్తరానికి కదిలారు. ఇప్పుడు ఎవరొచ్చినా గదిలోకి తీసుకెళ్లి చూపించి, "టికెట్టు లేకుండా తప్పించుకున్నాను" అంటున్నారు. కానీ నిన్న ఒక్కరే గుమ్మంలో నిలబడి, మంచం ఉండే చోటు వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయారు.

ఆ ఆదివారం వెళితే నర్సమ్మగారు ఊళ్లో లేరు. ఇప్పుడు కబురు చేస్తే పరిగెత్తుకొచ్చారు. నేను కోపంగా ఉన్నాను, కడిగేద్దామనుకున్నాను. ఆవిడ పెచ్చుల మధ్య కూలబడిపోయారు. పదహారేళ్లూ ఆవిడ పడుకున్నది ఆ గదిలోనే. "ప్రతి వానాకాలం తర్వాత గోధుమరంగు మరకలు వచ్చేవమ్మా. చెమ్మ అన్నారు, ఒక పూత వేస్తే పోతుందన్నారు. పోయేది. మళ్లీ వచ్చేది. ఎప్పుడూ కొత్త రంగువాడే, ఎప్పుడూ అదే మాట" అన్నారు. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "గాయం కడక్కుండా కట్టు కట్టేవాళ్లని వార్డులో చెడామడా తిట్టేదాన్ని. నా నెత్తిన నేను చేసుకుందీ అదే" అన్నారు. ఇంక ఆవిడనేం అంటాను? నీళ్లిచ్చాను.

పదమూడుమందిలో ఒక్కరైనా చెప్పి ఉంటే అనిపిస్తోంది. ఇది నిన్ను అనడం కాదత్తా. నువ్వు చెప్పావు కదా. ఆలస్యంగానైనా మాకు చెప్పావు.

ఆ కుట్టుపనావిడ ఇప్పుడెక్కడుంది?

నీ మేనకోడలు


మెరక ఊరు
ఆగస్టు 14

అమ్మాయ్,

మీ మామగారికి చెప్పు, ఆయన మంచం మడిచిన చప్పుడు నాకిక్కడ వినిపించిందని. నీ ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. షాపాయన వచ్చి ఏమైందని అడిగితే "ఏమీ కాలేదండీ" అన్నాను. నిజంగా ఏమీ కాలేదు. దానికే ఏడుపొచ్చింది.

నువ్వు దాచినందుకు తిట్టాలి. ఏ మొహం పెట్టుకుని తిట్టను?

ఇక పని. మేస్త్రీ పైపైన సిమెంటు మెత్తి వెళ్లిపోతానంటే గుమ్మంలోనే ఆపు. మోత మారే చోటల్లా గట్టి భాగం వచ్చేదాకా కొట్టించాలి. చువ్వల వెనక వైపు కూడా తుప్పు గీకాలి. బాగా సన్నబడిన చువ్వల పక్కన కొత్తవి కట్టించు. ముందు డాబా మీద నీళ్లు నిలవకుండా వాటం సరిచేయించు, లేకపోతే ఇదంతా దండగ. మిగతా గదుల కప్పులూ తట్టి చూడు. తర్వాత ఆరనివ్వు. నెల, రెండు నెలలు. కప్పు బూడిద రంగులో ఉంటే నీకేం నామోషీ లేదు. నేను చెప్పేదాకా రంగు మాట ఎత్తకు.

కుట్టుపనావిడ సంగతి నాకు తెలియదు. వెతకొద్దు.

అత్త


రేవు
అక్టోబరు 10

అత్తా,

వెతకొద్దన్నావు. నన్ను ప్రశ్నల పుట్ట అన్నదీ నువ్వే.

కష్టపడలేదు. చేపల గిడ్డంగి వెనక ముగ్గుర్ని అడిగాను, మూడో మనిషి చెయ్యి చూపించాడు. మార్కెట్టు సందులో షాపుంది. ఇద్దరు అమ్మాయిలు మిషన్ల మీద కుడుతుంటారు, ఆవిడ ఎడం చేత్తో గుడ్డ కత్తిరిస్తుంది. చిన్నదాని బడి గౌను కొలతలకని వెళ్లాను. రెండుసార్లు వెళ్లి ఊరికే వచ్చేశాను. మూడోసారి చెప్పేశాను, నువ్వెవరివో, నాకు ఏం రాశావో, మా కప్పు ఎలా పడిందో.

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. అమ్మాయిలిద్దర్నీ టీ తాగి రమ్మని పంపేసింది. తర్వాత అన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తీపి కలపడం లేదు.

"ఇన్నేళ్లూ ఇంటాయన ఒక్కణ్నే తిట్టుకున్నాను. పొద్దున లేస్తే అదొక పని నాకు. ఇప్పుడు ఇంకో మనిషిని కూడా తిట్టుకోవాలా? నాకంత తీరిక లేదు." మళ్లీ తనే, "ఆవిడ నాకు గుర్తుంది. చెయ్యి తుడుచుకుంటూ నా వైపే చూసింది. ఏదో అంటుందనుకున్నాను. రంగు బాగుందని చెప్పాను కదా, మెచ్చుకున్నందుకు సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను" అంది.

నేను లేచాను. గుమ్మం దగ్గరికి వచ్చాక పిలిచింది. "క్షమించమని ఉత్తరాలూ గిత్తరాలూ రాయొద్దని చెప్పు. ఈ షాపుకి కప్పు పాతది. ఇద్దరు ఆడపిల్లలు దీని కింద కూర్చుంటున్నారు. వచ్చి చూడమను."

అంతే. నేను ఇంకేమీ రాయను.

కప్పు పని అయిపోయింది, ఆరుతోంది. ఈయనకి డిసెంబరులో వేరే రేవులో మూడు వారాలు మజిలీ. మేం ముగ్గురం అక్కడికి వెళుతున్నాం. తాళంచెవి నర్సమ్మగారి దగ్గర ఉంచుతాను.

నీ మేనకోడలు


రేవు, సముద్రం వీధి
డిసెంబరు 19

అమ్మాయ్,

నీ ఇంట్లో, నీ బల్ల మీద రాస్తున్నాను. వంతెన మెట్లు నూటయాభై కాదు, నూటపన్నెండే.

ప్లాస్టిక్ కాగితం రెండుసార్లు అంటించి చూశాను, పొడిగా ఉంది. నిన్న తూర్పు గదికి మొదటి పూత పడింది. నేను వేయలేదు, ఇక్కడి రంగువాళ్లు ఇద్దర్ని పిలిపించాను. చెప్పడానికి మాత్రం నోరు పెట్టాను. వాళ్లలో పెద్దవాడు "ఇలా ఒక్కో చోటా తట్టి చూస్తూ కూర్చుంటే మా పని సాగదమ్మా" అన్నాడు. కూర్చోబెట్టి నా కథ చెప్పాను. నీకు ఉత్తరంలో రాయడానికి ఇరవై రెండేళ్లు పట్టింది, వాళ్లకి చెప్పడానికి ఒక టీ పట్టింది. ఈ రోజు పొద్దున్నే కర్ర పట్టుకుని వంటింటి కప్పు వాడే తట్టి చూశాడు. నర్సమ్మగారు రోజూ వచ్చి పక్కన కూర్చుంటున్నారు. సముద్రం గోడని తనే పైపు పట్టుకుని కడిగారు.

కుట్టుపనావిడ షాపుకి నిన్న సాయంత్రం వెళ్లాను. రెండు రోజులు ఆ సందు మొదటిదాకా వెళ్లి తిరిగొచ్చాక.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. "చూడండి" అని కప్పు వైపు చూపించింది. కర్రతో అందదు, అటకలు అడ్డం. ఎత్తు స్టూలు అడిగాను. ఎక్కాను. చేత్తో తట్టుకుంటూ వచ్చాను. ఆవిడ కింద నిలబడి చూస్తోంది. మిషన్లు ఆగిపోయాయి.

"ఆ రోజు నేను మిషను పెట్టుకుంటుంటే చూశారా?" అని అడిగింది.

"చూశాను."

"ఏం పడుతుందో తెలుసా?"

"తెలుసు."

"మరి నోరు పెగల్లేదా?"

"పెగల్లేదు" అన్నాను. కారణాలు చాలా ఉన్నాయి, నీకు రాశాను. అక్కడ ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

నేను తడుతూనే ఉన్నాను. రెండో మిషను మీదుగా వచ్చేసరికి మోత మారింది. మళ్లీ తట్టాను. అదే మోత.

"ఇక్కడ డొల్లగా ఉంది" అన్నాను.

"రంగు వేయిస్తే సరిపోతుందా?"

నన్ను పరీక్షిస్తోందో, నిజంగానే అడుగుతోందో నాకు తెలియలేదు.

"సరిపోదు. మిషను ఇప్పుడే జరపండి. మేస్త్రీని నేను తీసుకొస్తాను, వాడు పనిచేసినన్నాళ్లూ ఇక్కడే నిలబడతాను" అన్నాను.

ఆవిడ అమ్మాయిల వైపు తిరిగి తలాడించింది. ఇద్దరూ లేచి చెరోవైపు పట్టి మిషను గోడ పక్కకి లాగారు. నేల మీద గీసుకుపోయిన చప్పుడు నాకు ఎంత బాగుందో రాయలేను.

తర్వాత దిగబోతే కాళ్లు రాలేదు. మోకాళ్లు పట్టేశాయి. స్టూలు కదులుతోంది. పైన నిలబడి ఎలా దిగాలో తెలియక కప్పు మీద చెయ్యి ఆనించి ఉండిపోయాను. ఆవిడ కాసేపు చూసింది. కత్తెర బల్ల మీద పెట్టి వచ్చి, ఎడం చేత్తో స్టూలు కాలు, కుడి మోచేత్తో నా నడుం పట్టుకుంది.

"దిగండి. మెల్లగా. నేను పట్టుకున్నాను" అంది.

అత్త